ఐదో అంశం, ఆరో అంశం

మంగళవారం, సాయంత్రం ఆరున్నర.
పియెద్రా సెకా పురపాలక సభ.
సభ్యులు ఐదుగురు, వచ్చినవాళ్లు పదకొండు మంది,
అందులో ఇద్దరు ఏసీ కోసం.
నేను గుమాస్తాను.
అన్నది రాస్తాను.
దగ్గు రాయను, నిట్టూర్పు రాయను,
ఎవరి కుర్చీ కిర్రుమందో రాయను.

ఐదో అంశం: చెట్లు.
కొత్తగా కట్టే ప్రతి దుకాణం ముందూ
ఎనిమిది కార్లకో చెట్టు ఉండాలట.
చెట్టంటే ఏమిటి, అన్నాడు వెండెల్ హస్కిన్స్.
వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.
లాయరు కాగితం తిప్పి చదివాడు:
నేలకు ఆరంగుళాల పైన
రెండంగుళాల లావు కాండం గలది.
పెన్ను పట్టుకున్న నా మణికట్టు చూసుకున్నాను.
చట్టం ప్రకారం నేనూ చెట్టునే,
కాస్త నీడ తక్కువ.

టైర్ల కొట్టు లాయిడ్ పెటిట్ లేచాడు.
చెట్టు పెరిగితే నా బోర్డు కనపడదు,
పెరగకపోతే మీకు నేను కనపడతాను,
జరిమానా చీటీ పట్టుకుని వస్తారు.
ఏది చెయ్యమంటారు?
నవ్వారు. నవ్వు కూడా రాయను.

నీళ్లెవరిస్తారు, అంది రెమెడియోస్ ఆర్చులేటా.
ఇంజనీరు నీళ్లు నమిలాడు.
మూడేళ్లుగా ఈ ఊళ్లో
మిగులు నీళ్లు అవే.

చివరికి ఎనిమిది కార్లు పన్నెండయ్యాయి,
పచ్చిక గులకరాయైంది,
చెట్టు మాత్రం తగ్గలేదు, రెండంగుళాలే.
నాలుగు ఔను, ఒకటి కాదు.

ఆరో అంశం: బడి మైదానం.
గంట కొట్టాక ఊరినీ రానిద్దామా?
బంతి తగిలి కిటికీ పగిలితే ఎవరి ఖర్చు,
జారిపడి మోకాలు పగిలితే ఎవరి ఖర్చు,
దీపాల బిల్లు బడిదా, ఊరిదా.
బీమా అనే మాట పందొమ్మిది సార్లు రాశాను,
పిల్లలు అనే మాట నాలుగు.
తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్న దగ్గర
నలభై నిమిషాలు ఆగిపోయాం.

వెనక వరసలో, తలుపు పక్కన,
టోపీ ఒళ్లో పెట్టుకుని ఎవరిస్టో బాకా.
బడి ఊడ్చి, బాయిలరు చూసి,
గేటుకు తాళం వేసే మనిషి.
వేసే మనిషి అని జీతాల పుస్తకంలో ఉంది.
పదమూడేళ్లుగా ఆ గొలుసు
ఊరికే చుట్టి ఉంటుంది.
దూరం నుంచి తాళం, దగ్గరికెళ్తే వట్టి ఇనుము.
ఏ లింకు లాగాలో ఊళ్లో ప్రతి పిల్లకూ తెలుసు.
నా కూతురికి తెలుసు.
నేనూ వాళ్ల నాన్నా విడిపోయిన ఏడాది
అది రాత్రి తొమ్మిదైనా అక్కడే, ఒక్కత్తే,
బోర్డుకేసి బంతి కొడుతూ.
కేకేద్దామని వెళ్లాను ఒకరోజు.
స్తంభం మీద దీపం వెలుగుతోంది.
మెట్ల మీద ఆయన, కాగితంలో చుట్టుకొచ్చిన రొట్టె
తుంచుకు తింటూ,
దాని వైపు చూడకుండా.
కేకెయ్యకుండానే తిరిగొచ్చాను.

ఇంకెవరైనా మాట్లాడతారా, అంది మేయరు ఆర్డిత్.
ఎవరిస్టో చెయ్యెత్తలేదు.
ఆయన జేబులో ఏదో చిన్నగా గలగలమంది.
అదీ రాయలేదు.

తీర్మానం, ఏకగ్రీవం:
సోమ నుంచి శుక్ర, నాలుగు నుంచి ఎనిమిది.
శని, ఆదివారాలకు ముందుగా అర్జీ.
ఎనిమిదికి తాళం.
కొత్తది, అంకెలు నొక్కేది.
పిల్లలకు గేటు తెరిచామన్నారు.
చప్పట్లు కొట్టారు, మనస్ఫూర్తిగానే.
నేను కూడా కొట్టాను కాబోలు,
కాగితం మీద పెన్ను దొర్లిన గీత ఉంది.

బయట ఇంకా వేడి తగ్గలేదు.
ట్రక్కు తలుపు తెరిచి, ఎక్కకుండా,
ఎవరిస్టో నన్నడిగాడు:
ఎనిమిదంటే
ఎవరి గడియారంలో, అని రాశారా?

సాఫు ప్రతి ఇంకా రాయలేదు, అన్నాను.

టోపీ పెట్టుకున్నాడు.